గాటు లేని కోడికాలు

జుల్మీర పొద్దున్నే రేవు ఇసుకలో కాళ్లు బారజాపుకుని, వల ఒళ్లో వేసుకుని చిరుగులు అల్లుతూ ఉండేది. పక్కనే గంపలో పదమూడు నెలల కూతురు ఓదెత్. రెండు చేతులకీ మేజోళ్లు కట్టేశారని దానికి మహా కోపం. మండే ఎండలో ఆ మేజోళ్లేమిటని మా రేవులో ఒక్కరూ అడగలేదు. పిల్లకి ఇంకా గుర్తు పడలేదు మరి.

మా రేవులో ఇంటికో గుర్తు. పడవ మీదా, వలకి కట్టే బెండ్ల మీదా, ఆఖరికి చెంచాల మీదా అదే. పిల్ల సొంతంగా నిలబడే రోజుల్లో, వట్టి చేత్తో మొట్టమొదట ఏ చెక్క పట్టుకున్నా, ఏ బెండు పట్టుకున్నా దాని మీద తండ్రి ఇంటి గుర్తు దానంతటదే లేస్తుంది. పెద్దబిడ్డకి గుర్తు పక్కన ఒక గాటు, రెండో బిడ్డకి రెండు, అలాగన్నమాట. ఇల్లు దక్కే కడగొట్టు బిడ్డకి మాత్రం గాటు లేకుండా తండ్రి గుర్తు ఉన్నదున్నట్టే వస్తుంది.

ఓదెత్ తండ్రి అబీలియు. ఫెలిష్మీనమ్మ కడగొట్టు కొడుకు కాబట్టి అతని గుర్తు గాటు లేని వట్టి కోడికాలు బొమ్మ. పిల్ల సంగతి ఎత్తితే చాలు, "నాకేం సంబంధం?" అనేవాడు. పడవ యజమాని కూతురు గ్రసీందతో పెళ్లి కుదిరింది కదా, ఇంకేం అంటాడు! కానీ పుట్టిన కాగితంలో తండ్రి పేరు ఖాళీగా ఉంటే మా రిజిస్ట్రారు ఊరుకోడు, కోర్టుకి పంపేస్తాడు. కోర్టువాళ్లు తల్లిని పిలిచి ఎవరని అడిగారు. చెప్పింది. అతన్ని పిలిచి అడిగారు. కాదన్నాడు. రక్తపరీక్ష "కాదని చెప్పలేం" అని రాసి చేతులు దులుపుకుంది. ఇక మిగిలింది గుర్తే. ఇంట్లో పడ్డ గుర్తుని కోర్టు నమ్మదు, చాకు ఉన్నవాడెవడైనా చెక్కెయ్యొచ్చు. అందుకే ఆ మేజోళ్లు.

"భరణం కోసం ఇంత రాద్ధాంతం ఎందుకే?" అంది పక్కన వల అల్లే ఎర్మెలింద పిన్ని.

"భరణమూ కావాలి పిన్నీ, పిల్ల గాలి భోంచేసి పెరగదుగా! పేరు కూడా కావాలి. రేపు బళ్లో మీ నాన్నెవరే అంటే ఇది నేల చూపులు చూడకూడదు."

ఓదెత్ నిలబడ్డ వారానికే కోర్టు వాయిదా వచ్చింది. కోర్టులో గుమాస్తా కొత్త బెండొకటి తిప్పి తిప్పి అందరికీ చూపించాడు. ఎక్కడా గీత లేదు. జుల్మీర మేజోళ్లు విప్పింది. పిల్ల బెండు లాక్కుంది, నోట్లో పెట్టుకుంది, చొంగంతా పూసి కింద పారేసింది. జడ్జిగారు దాన్ని తన రుమాలుతో తుడిచి చూశారు. కోడికాలు లేచి ఉంది. గాటు లేదు.

అబీలియు లాయరు గెంతేశాడు. "అయ్యా! మావాడికి ఇంతవరకు పిల్లల్లేరు. వాడి బిడ్డే అయితే మొదటి బిడ్డ కదా, గాటేది? ఈ పిల్ల ఆ ఇంటిది కావచ్చు, మావాడిది మాత్రం కాదు!"

జుల్మీర పిల్లని ఒళ్లోకి లాక్కుంది. పిల్ల బతుకు ఇంతేనా అనుకుంది.

అప్పటిదాకా కొడుకు పక్కన కూర్చున్న ఫెలిష్మీనమ్మ లేచింది. "ఏం లాయరూ, ఎవరిదంటావు? నా పెద్దకొడుకులదైతే వాళ్ల గాట్లు కనపడవూ? మా ఆయన పోయి తొమ్మిదేళ్లయింది, సమాధిలోంచి లేచొచ్చాడా?"

కోర్టంతా ఘొల్లుమంది. ఆవిడ నవ్వలేదు. కొడుకు వైపు తిరిగింది.

"మొదటి బిడ్డే కడగొట్టు బిడ్డయితే గాటు ఎక్కడ పడుతుంది నాయనా? నీకు ఇది ఒక్కతే. ఇంకెవరూ పుట్టరు."

పడవ యజమాని టోపీ పెట్టుకుని, కూతురి మోచెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. గ్రసీంద వెనక్కి తిరిగి చూడలేదు. జడ్జిగారు తండ్రి పేరు రాయించారు, నెలనెలా ఎంత ఇవ్వాలో రాయించారు. గుమాస్తా చదివి వినిపించాడు.

జుల్మీర ఎగిరి గంతెయ్యాల్సిన రోజది. కానీ కుర్చీలో కూలబడిపోయిన ఆ మనిషిని చూస్తే ఆమెకి జాలేసింది. జాలి పడినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

మెట్ల దగ్గర అబీలియు అడ్డం వచ్చాడు.

"ఒక్కసారి ఎత్తుకోనా?"

"ఆ బెండు మీద ఒక గాటు ఉండుంటే అడిగేవాడివా?"

"అడిగేవాణ్ణి కాదు. డబ్బు కట్టేసి గ్రసీందని చేసుకునేవాణ్ణి."

ఈ రెండేళ్లలో అతను తనతో చెప్పిన మొదటి నిజం అది. జుల్మీర పిల్లని అందించింది. అబీలియు పురిటిబిడ్డని అందుకున్నట్టు ఓదెత్ మెడ కింద అరచెయ్యి పెట్టాడు.

"మెడ పట్టుకోనక్కర్లేదు," అంది జుల్మీర. "ఆ రోజులు అయిపోయాయి."