చల్లగాలి ఊదే వేణ్ణీళ్ళ మిషను

కుళాయి తిప్పి, ధార కింద అరచెయ్యి పెట్టి, అతను నీళ్ళను పోనిస్తూనే ఉన్నాడు. గొట్టంలో నిలవున్న చన్నీళ్ళు ముందు పోవాలని బావమరిది చెప్పాడు గనక పోనిచ్చాడు. బకెట్టు సగం దాటింది. ధారకి చలి విరిగినట్టు అనిపించింది, అంతే. గోరువెచ్చన అనడానికి కూడా మనసొప్పలేదు.

"అనుకున్నా," అన్నాడు బకెట్టుతో.

అతని మొహంలో దిగులు కంటే తృప్తి ఎక్కువగా ఉంది. అనుమానం నిజమైనప్పుడల్లా అతనికి కడుపు నిండినట్టుంటుంది. ఎదుటివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. టీ కొట్టువాడు వాడేసిన పొడినే మళ్ళీ మరిగిస్తున్నాడని అనుమానం. కూరగాయలమ్మి త్రాసు మీద అనుమానం. కొత్తగా వచ్చిన ఈ వేణ్ణీళ్ళ మిషను మీదైతే, అది ఇంటికొచ్చిన రోజు నుంచీ పగలూ రాత్రీ అనుమానమే.

పొయ్యి వెలిగించి గిన్నెతో నీళ్ళు పెట్టాడు. కాగాక బేసినులో పోసి, చన్నీళ్ళు కలిపి, పడకగదిలోకి తీసుకెళ్ళాడు. భార్య మంచం అంచున కూర్చుని ఉంది. చేతివేళ్ళు సగం ముడుచుకుని, కనిపించని గ్లాసునేదో పట్టుకున్నట్టున్నాయి. పళ్ళు నిలవచేసే కోల్డ్ స్టోరేజీలో ఆమెకు పని. మచ్చపడ్డవి ఏరి, మంచివి పెట్టెల్లో సర్దాలి. ఏళ్ళ తరబడి ఆ చల్లదనంలో మెలిగి వేళ్ళు పొద్దున పూట మాట వినడం మానేశాయి. వేణ్ణీళ్ళలో కాసేపు నానితే గాని చీర కుచ్చిళ్ళు కూడా పట్టుకోలేవు.

అతను నేల మీద కూర్చుని ఆమె చేతులు బేసినులో ముంచి, ఒక్కో కణుపూ నొక్కుతున్నాడు.

"ఇవాళా రాలేదా?" అందామె.

"వస్తే పొయ్యెందుకు వెలిగిస్తాను?"

ఆ మిషను తెచ్చి బిగించింది ఆమె తమ్ముడు. పాత గీజరు అడుగు తుప్పుపట్టి కారడం మొదలెట్టినప్పుడు, అక్క వేళ్ళు చూసి, తనే వచ్చి పెరట్లో దీన్ని నిలబెట్టాడు. ఊరంతా వాటిని బిగించడమే అతని పని. మనిషి ఎత్తున తెల్ల పీపా, దాని నెత్తిన ఫ్యాను. ఇది కరెంటును మండించి నీళ్ళు కాచదనీ, గాలిలో ఉన్న వెచ్చదనాన్నే పిండి నీళ్ళలోకి ఎక్కిస్తుందనీ, అందుకే పాతదానిలో మూడోవంతు కరెంటు కూడా తాగదనీ అతను వివరించాడు. నిదానంగా కాస్తుంది కాబట్టి ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచాలట. కాగాక తనంతట తనే ఆగిపోతుందట.

ఆ ఆఖరి మాటే బావగారికి మింగుడుపడలేదు. చెప్పినా ఆగని వాళ్ళను చాలామందిని చూశాడు గాని, చెప్పకుండా తనంతట తనే ఆగిపోయేదాన్ని అతనెక్కడా చూడలేదు. పైగా ఆ మిషను పక్క నిలబడితే చల్లగాలి కాళ్ళకు కొడుతోంది. పొయ్యి పక్కన వణుకు పుట్టిందంటే ఎవరైనా నమ్ముతారా అని అడిగాడు.

"వేడంతా నీళ్ళలోకి పోయింది బావా. మిగిలిన చలే బయటికొస్తుంది," అన్నాడు బావమరిది.

"నీళ్ళలోనూ లేదే మరి. మధ్యలో ఎవరు తిన్నారు?"

మొదట పైవాటాలో ఉన్న దర్జీ మీదకు పోయింది అతని అనుమానం. గోడలో దొంగ గొట్టమేదైనా ఉందేమోనని చెవి ఆనించి విన్నాడు. దర్జీ కుట్టుమిషను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత పీపా మీద గీత ఒకటి కనిపించింది. ఎవరో వాడి వదిలేసినదాన్ని బావమరిది తుడిచి అంటగట్టాడనుకున్నాడు. ఇక ఆదివారం సంగతితో అనుమానం గూటికి చేరింది. ఆదివారం ఎవరూ గడప దాటలేదు. బావమరిది భోజనానికి వచ్చాడు. మధ్యాహ్నానికి కుళాయిలోంచి పొగలు కక్కుతూ నీళ్ళు వచ్చాయి. రాత్రికి అవన్నీ వాడేశారు, మర్నాడు పొద్దున మళ్ళీ పాత కథే. వాడొస్తేనే కాగుతున్నాయంటే వాడి చేతిలోనే ఏదో కిటుకుంది.

ఇద్దరూ తయారయ్యారు. ఆమె టిఫిను సంచి పట్టుకుని గేటు దగ్గర మోపెడ్ పక్కన నిలబడింది. ఇంట్లోంచి ఆఖరున వచ్చేది ఎప్పుడూ అతనే. బయల్దేరే ముందు ఇల్లంతా ఒక చుట్టు తిరుగుతాడు. ముందుగది లైటు, పడకగది ఫ్యాను, వంటింటి లైటు. ఆ చుట్టులో అతని బుర్ర ఉండదు, చెయ్యి ఒక్కటే తిరుగుతుంది. చివరికి పెరటి తలుపు. చూరు కింద ఎత్తున ఉన్న స్విచ్చులు అతనికి అందవు గాని, తలుపు వారన కర్ర ఉంది. కర్ర మొనతో టక్, టక్ మనిపించి, తలుపు గడియపెట్టి వచ్చేశాడు. దారిపొడుగునా బుర్ర మాత్రం బావమరిది కిటుకు చుట్టూ తిరిగింది.

ఆమెను పనిచోట దింపి తను ఆఫీసుకు చేరాడు. మూడంతస్తుల పాత కట్టడం. అందరికంటే ముందొచ్చి గదులు తెరిచి, లైట్లూ ఫ్యాన్లూ వెయ్యాలి. అందరూ వెళ్ళాక ఆర్పి తాళాలు వెయ్యాలి. మధ్యలో ఫైళ్ళు మొయ్యాలి, మంచినీళ్ళివ్వాలి. అతను పొట్టి, కట్టడంలో స్విచ్చులు ఎత్తు. అందుకే చేరిన కొత్తలోనే పరదా కర్రకు చంకకర్ర అడుగున ఉండే రబ్బరు తొడుగు బిగించి ఒక సాధనం చేసుకున్నాడు. అలాంటిదే ఇంట్లో ఇంకోటి. సాయంత్రం ఆ కర్ర వరండాలో కనబడిందంటే ఇక చీకటి పడ్డట్టే. ఆఫీసులో అందరికీ అతను చీకటయ్య. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఈ జాగ్రత్త పుట్టుకతో వచ్చింది కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి చలికాలం, ఒక పెద్దగుమాస్తా గదిలో కరెంటు పొయ్యి పెట్టుకుని, దాన్ని ఆర్పకుండా ఇంటికెళ్ళిపోయాడు. పరదా అంటుకుని గది సగం కాలింది. విచారణలో పెద్దగుమాస్తా తాను ఆర్పే వెళ్ళానని ఒట్టేశాడు. మాట నీళ్ళిచ్చే కుర్రాడి మీదకు, అంటే ఇతని మీదకు తిరిగింది. తనే చూసుకోలేదని ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటే ఉద్యోగం నిలుస్తుందన్నారు. ఉద్యోగమైతే నిలిచింది. ఆ తర్వాత అతను ఆర్పానన్న మనిషి మాటను గాని, ఆరినట్టు కనబడే దీపాన్ని గాని నమ్మలేదు. ఆర్పిన గదికి వెనక్కి వెళ్ళి, ఇంకోసారి చూసి వస్తాడు.

ఆ సాయంత్రం పై అంతస్తులో టైపు చేసే అమ్మాయి ఒక్కతే మిగిలింది. కర్రను చూసి చెయ్యి ఊపింది.

"ఒక్క కాగితం చీకటయ్యా. నన్ను కూడా ఆర్పేయకు."

"ఒక్కటంటే ఒక్కటేనా? నిన్నటి ఒక్కటి పిల్లల్ని పెట్టింది."

ఆ అమ్మాయి నవ్వి ముగించింది. గదులన్నీ ఆర్పుకుంటూ మెట్లు దిగాడు. తర్వాత మళ్ళీ ఎక్కి చూసుకోవడం అలవాటు గనక మళ్ళీ ఎక్కాడు. సగంలో ఊపిరి అందలేదు. ఎడమ భుజం నానిన సంచీలా బరువెక్కింది. మెట్టు మీద కూర్చున్నాడు. కిందటి నెల మరమ్మతులకొచ్చిన మేస్త్రి మెట్ల ఎత్తు పెంచాడేమోనని అనుమానమొచ్చింది. జానతో కొలిచి చూశాడు. మెట్లు మెట్ల లాగానే ఉన్నాయి. కాసేపటికి లేచి, చూడాల్సిన గదులు చూసి, భార్యను ఎక్కించుకోవడానికి బయల్దేరాడు.

ఇల్లు చేరేసరికి చీకటి పడింది. గేటు దగ్గర బావమరిది పనిముట్ల సంచితో నిలబడి ఉన్నాడు. అక్క ఫోను చేసి రమ్మందట. వాళ్ళిద్దరినీ గేటు దగ్గరే ఉండమని, అతను తాళం తీసి ముందు లోపలికెళ్ళాడు. పెళ్ళయిన నాటి నుంచీ అదే పద్ధతి. కొత్తకాపురంలో అద్దె ఇంటి గుమ్మం చీకట్లో తట్టుకుని ఆమె ముందుకు పడింది. ఆ తర్వాత ఆమెను చీకటింట్లో అడుగు పెట్టనివ్వలేదు. ముందుగది, పడకగది, వంటిల్లు, పెరటి తలుపు, కర్ర, టక్, టక్. ఇల్లు మొత్తం వెలిగాక గేటు వైపు తలూపాడు. రాత్రి అన్నీ ఆర్పాకే పడుకుంటాడు, పొద్దున్నే ఆమె కళ్ళు తెరిచేలోగా మళ్ళీ ఇలాగే వెలిగిస్తాడు.

బావమరిది తిన్నగా పెరట్లోకి పోయాడు. మిషను ఎర్రలైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది. గొట్టం పట్టుకుని చూశాడు. చల్లగా ఉంది.

"దీన్నెవరైనా ఆపుతున్నారా?"

"పొద్దున్నుంచి ఇంట్లో పిల్లి కూడా లేదు. ఎవరాపుతారు? నేను చూసినప్పుడల్లా ఆ ఎర్రకన్ను తెరుచుకునే ఉంది."

ఆమె కూడా అదే చెప్పింది. ఆమె చూసినప్పుడల్లా వెలుగుతూనే ఉంది. తమ్ముడు మూత విప్పి, తీగలన్నీ ఒకటికి రెండుసార్లు చూసి, మళ్ళీ బిగించాడు. తప్పు దొరకలేదు. బావ గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అన్నాడు. "నువ్వొస్తావు, నీళ్ళు మరుగుతాయి. నువ్వు పోతావు, వేడి నీ వెనకే పోతుంది."

"మా అక్కకి పనికిరాని సరుకు పెడతానా బావా?"

"అక్కవి వేళ్ళు. వ్యాపారం నీది."

ఆ మాట గట్టిగానే తగిలింది. బావమరిది పనిముట్లు ఒక్కొక్కటే సంచిలో వేసుకున్నాడు. మొహం అక్క వైపు తిప్పలేదు.

"రేపు పొద్దున్నే వస్తాను. నీళ్ళు కాగకపోతే దీన్ని ఊడదీసుకుపోతా. మళ్ళీ ఈ గడప తొక్కను. అక్కతో ఏమైనా ఉంటే ఆ గేటు బయటే."

తమ్ముడు వెళ్ళాక ఆమె బియ్యం గిన్నె ముందేసుకుని కూర్చుంది. తల్లీ తండ్రీ పోయాక ఆమెకు పుట్టింటి నుంచి మిగిలింది ఆ ఒక్క మనిషి.

"వేణ్ణీళ్ళు లేకపోతే చలి. అంతే," అంది చివరికి. "వాడు లేకపోతే నాకెవరున్నారయ్యా?"

బావమరిదిని ఆ మాట అనాల్సింది కాదని అతనికీ తెలుసు. కానీ నోటిని ఆపే స్విచ్చి ఎవరూ పెట్టలేదు. కాసేపు అటూ ఇటూ తిరిగి, కుర్చీ ఒకటి లాక్కుని పెరటి గుమ్మంలో వేసుకున్నాడు. కర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు.

"ఎవరికయ్యా ఆ కాపలా?"

"ఈ పూట దీని సంగతి తేలుస్తా. దీని వేడి తినేవాడెవడో ఇటే రావాలిగా. దొరికితే నీ తమ్ముడి కాళ్ళు పట్టుకుంటా. సరేనా?"

ఆమెకు నవ్వొచ్చింది. అన్నం పొయ్యి మీద పెట్టింది. మిషను సన్నగా రొద పెడుతోంది. చల్లగాలి అతని పాదాలకు తగులుతోంది. కాళ్ళు దగ్గరకు తీసుకుంటూ దర్జీ మేడ వైపు ఒకసారి, గోడ మీది గొట్టం వైపు ఒకసారి చూడడం వంటింట్లోంచి ఆమెకు కనిపించింది. కూర పోపు వేసి మళ్ళీ చూసేసరికి తల ఒకపక్కకు వాలి ఉంది. కాపలా బాగానే ఉందనుకుంది. కంచం పెట్టి పిలిచింది. రెండోసారి పిలిచింది. దగ్గరకెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. చల్లబడ్డది తన వేళ్ళా, అతని భుజమా అని ఒక్క క్షణం తెలియలేదు.

కర్ర ఒళ్ళోంచి జారి తలుపు వారన ఆనుకుని ఉంది.

తమ్ముడు గడప తొక్కనన్నది మరిచి పరిగెత్తుకొచ్చాడు. పైవాటా దర్జీ వచ్చి మంచం జరిపించి, అతన్ని చాప మీద పడుకోబెట్టించాడు. చుట్టుపక్కల వాళ్ళు వచ్చారు, కూర్చున్నారు, కొందరు వెళ్ళారు. తెల్లవారుతుండగా ఆమె లేచి, మొహం మీద నీళ్ళు చల్లుకుందామని స్నానాలగదిలోకి వెళ్ళింది. ముడుచుకున్న వేళ్ళతోనే కుళాయి తిప్పింది.

చెయ్యి వెనక్కి లాక్కుంది. గదంతా వేణ్ణీళ్ళ పొగ కమ్ముకుంది.

ధార చప్పుడు ఎంతకీ ఆగకపోయేసరికి తమ్ముడు వచ్చాడు. పొగను చూశాడు. పెరటి గుమ్మంలోకి నడిచాడు. ఫ్యాను తిరగడం లేదు. నీళ్ళు కాగి, మిషను తనంతట తనే ఆగిపోయి ఉంది. చూరు కిందకు తలెత్తాడు. పెరటి లైటు స్విచ్చి పక్కనే తను బిగించిన మిషను స్విచ్చి. బిగించి నెల కాలేదు, తెల్లగా ఉండాల్సింది. దాని మీద నల్లటి రబ్బరు మరకలు, ఒకదాని మీద ఒకటి.

అక్క అతని వెనకే వచ్చి నిలబడింది. ఆమె కూడా తలెత్తి చూసింది.

"ఆఖరున పడుకునేది ఆయనే. ముందు లేచేది ఆయనే," అంది. "నేను చూసేటప్పటికి ఎప్పుడూ వెలుగే ఉండేదిరా."

బయట బాగా తెల్లవారింది. రాత్రి ఎవరూ ఇల్లు చుట్టి రాలేదు. ముందుగదిలో, పడకగదిలో, వంటింట్లో దీపాలన్నీ పగటి వెలుగులో పాలిపోయి మండుతూనే ఉన్నాయి. దర్జీ ఒకటి ఆర్పబోతే ఆమె వద్దంది. పొగలొచ్చే నీళ్ళు బేసినులో పట్టుకొచ్చి, గుమ్మంలో అతని కుర్చీ పక్కనే నేల మీద కూర్చుని చేతులు ముంచింది. వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. తలుపు వారన కర్ర అలాగే ఆనుకుని ఉంది, దాని రబ్బరు మొన ఒకే పక్కన, బొటనవేలు పట్టేంత పల్లంగా అరిగి ఉంది.