తేనె నీళ్ళ వైద్యం

గుంటూరు నుంచి వస్తున్న బస్సులో రాజ్యం కిటికీ పక్కన కూర్చుంది. కూతురు తేజశ్రీ తల ఆమె ఒళ్ళో ఉంది. కాళ్ళ మధ్య సంచి, సంచిలో గోంగూర కట్టలు, వాటి అడుగున మందుబిళ్ళల పొట్లం. ప్రత్తిపాడు చుట్టుపక్కల గోంగూరకేం కరువని గుంటూరులో కొనుక్కురావాలి? కానీ బిళ్ళల మీద కప్పడానికి ఏదో ఒకటి కావాలిగా. తమ ఊళ్ళో రాజ్యం మాట విని బిళ్ళలు మానేసినవాళ్ళు సగం మంది.

"టైఫాయిడ్" అన్నాడు పొద్దున డాక్టరు, రక్తపరీక్ష కాగితం చూసి. "తొందరగానే తెచ్చారు, నయం. కడుపు మాడ్చకండి. మెత్తగా జావ పోస్తూ ఉండండి. బిళ్ళలు మధ్యలో ఆపొద్దు. అశ్రద్ధ చేస్తే పేగుకి చిల్లు పడుద్ది."

చిల్లు అన్న మాట తరవాత ఆయన ఇంకేం చెప్పాడో రాజ్యం చెవికెక్కలేదు. ఎప్పుడూ అంతే, ఎవరేం చెప్పినా అందులో చెడ్డమాటే ఆమెకు ముందు వినపడుతుంది. అయితే ఆ మాట వినగానే కళ్ళముందు మెదిలింది తన కూతురు కాదు. ఊరి పక్క పాలెంలో, రెబ్కా ఇంట్లో, నులకమంచం మీద కళ్ళు లోతుకు పోయి పడున్న ఫెబా.

రెబ్కా, రాజ్యం వాళ్ళ మిరప కళ్లంలో తాలుకాయలు ఏరడానికి వచ్చే మనిషి. మొగుడు ఇమ్మానియేలు పొగాకు పనులకని ఒంగోలు వైపు పోయాడు. బడి లేనప్పుడు రెబ్కా తన కూతుర్ని కూడా కళ్లానికి తెచ్చుకునేది. ఫెబా, తేజశ్రీ ఈడుజోడు పిల్లలు. ఎండలో కాయల గుట్టల చుట్టూ తిరిగి తిరిగి, దాహమైతే ఇద్దరూ ఒకే డ్రమ్ములో ఒకే చెంబు ముంచుకుని తాగారు. ఆ డ్రమ్ము నింపింది పక్కనున్న కుంట నీళ్ళతో. ఇద్దరికీ ఒకే వారంలో జ్వరం పట్టుకుంది.

ఫెబాకు రాజ్యమే వైద్యం చెప్పింది. "జ్వరమంటే రోగం కాదే రెబ్కా. ఒంట్లో ఉన్న మురికిని ఒళ్ళే తగలబెట్టుకుంటోంది. మధ్యలో బిళ్ళలేసి ఆ మంటనార్పితే మురికి లోపలే ఉండిపోద్ది. లంఖణం పెట్టు. తేనె నీళ్ళు తప్ప ఏమీ పట్టొద్దు." పొట్టమీద తడిగుడ్డ వేయించింది. రోజూ పొద్దున్నే తనే పాలెం వెళ్ళి, రబ్బరు గొట్టం ఉన్న డబ్బాతో ఎనిమా ఇచ్చి వచ్చింది. పేగులు కడిగితే జ్వరం దిగుతుందని ప్రకృతి వైద్య శిబిరంలో నేర్పారు.

తేజశ్రీకి ఒళ్ళు కాలినప్పుడు మాత్రం ఆమెకు శిబిరం గుర్తు రాలేదు. కళ్ళు మూసుకుని గుంటూరు బస్సెక్కింది.

శిబిరం సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. మిరపకాయలు కళ్లానికొచ్చిన ప్రతి ఏడూ ఆ ఘాటుకి రాజ్యానికి ఆయాసం వచ్చేది. కూర్చుంటే పడుకోలేదు, పడుకుంటే లేవలేదు. ఇంజక్షన్లు చేయించుకుని చేయించుకుని విసిగిపోయి, వినుకొండ అవతల ఎవరో తోటలో ప్రకృతి వైద్య శిబిరం పెట్టారంటే వెళ్ళింది. అక్కడ పొట్టమీద బురద పట్టీలు వేశారు, ఆవిరి పట్టారు, పచ్చి కూరగాయలు తినిపించారు. అంతకంటే పెద్ద విషయం, ఏడో తరగతిలో బడి మానేసిన ఆ మనిషి చెప్పేది మొదటిసారి ఎవరో కూర్చుని విన్నారు. నీకేం భయం, ఎందుకంత భయం అని అడిగారు. ఆయాసం నిజంగానే తగ్గింది.

తిరిగొచ్చాక నలుగురికీ చెప్పింది. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి నువ్వుల నూనెతో మర్దన చేసింది. చక్కెర జబ్బువాళ్ళకి కొర్రన్నం అలవాటు చేసింది. కొందరికి నయమైంది. చేతిలో ఏదో గుణం ఉందన్నారు. అది పూర్తిగా అబద్ధం కాదు. అందుకే ఇంత చిక్కొచ్చింది. పూర్తిగా అబద్ధమైతే ఎప్పుడో మానేసేది.

కానీ తేజశ్రీ నడక నేర్చుకునే వయసులో ఒకసారి జ్వరం వచ్చి కళ్ళు తేలేసి కొయ్యబారిపోయింది. ఆ పూట రాజ్యం గుండెలో దూరిన భయం మళ్ళీ బయటికి పోలేదు. పిల్ల తుమ్మితే చాలు, పెద్దమ్మ కూతుర్ని చూసొస్తానని ఊళ్ళో చెప్పి గుంటూరు పరిగెత్తేది. సూది వేయించాక గానీ ఊపిరి ఆడేది కాదు. మొదట్లో, ఇదొక్కసారే అనుకుంది. తరవాత అనుకోవడం కూడా మానేసింది. ఎదుటివాళ్ళ పిల్లలకి ప్రకృతి, తన పిల్లకి ఇంజక్షను.

బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి భర్త అంకమ్మరావు వసారాలో గోతాలు కుడుతున్నాడు. సంచి వంక చూశాడు.

"డాక్టరమ్మ డాక్టరు దగ్గరికి పోయొచ్చిందా?"

"మెల్లగా మాట్లాడయ్యా. పక్కన వింటారు."

"వినేదానికేముందే, గుంటూరు గోంగూరకి ఊరంతా నవ్వుతున్నారు." పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. "ఏమన్నాడు?"

చెప్పింది. చిల్లు సంగతి కూడా చెప్పింది. అంకమ్మరావు దబ్బనం పక్కన పెట్టాడు.

"మరి రెబ్కా కూతురు?"

"అదేనయ్యా. వెళ్ళి చెప్దామంటే కాళ్ళాడటం లేదు. చెబితే నా మాట ఇంకెవరు నమ్ముతారు?"

"చెబితే నీ పరువు పోద్ది. చెప్పకపోతే ఏం పోద్దో అదీ నువ్వే చెప్పు" అని లేచి గోతాలు లోపల వేసుకున్నాడు.

బిళ్ళల పొట్లాన్ని బియ్యం డబ్బాలో దాచి, సాయంత్రం పాలెం వెళ్ళింది రాజ్యం. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూనే ఉంది. తీరా వెళ్తే, రెబ్కా ప్లాస్టిక్ కుర్చీ కొంగుతో తుడిచి వేసింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు నలుగురు చేరారు.

"మా అమ్మగారు రోజూ వచ్చి చూస్తారే" అంది రెబ్కా వాళ్ళతో. "పాస్టరమ్మగారు సూదేయించుకోమని పోరతానే ఉంది. నేను ఇనలా. రాజ్యమ్మగారు చెప్పారంటే ఇంక తిరుగు లేదన్నా."

దొంగకు తేలు కుట్టినట్టయింది రాజ్యానికి. నొప్పి ఉంది, నోరు లేదు. ఫెబా చెయ్యి పట్టుకుని చూసింది. తేజశ్రీ చెయ్యి ఎంత వేడిగా ఉందో ఇదీ అంతే వేడి. ఎముకలు మాత్రం దీనికే పైకి తేలాయి. వారం పైనుంచీ తేనె నీళ్ళు.

"ఇంక లంఖణం చాల్లే రెబ్కా. కాస్త జావ పట్టు. ఆ డబ్బా కూడా ఇంక వద్దు" అంది.

"జొరం తగ్గలేదుగా అమ్మగారూ?"

"తగ్గుద్దిలే. గుంటూరు ఒకసారి చూపించినా మంచిదే."

"మీరుండగా గుంటూరెందుకండీ" అని నవ్వింది రెబ్కా. ఆడవాళ్ళూ నవ్వారు.

రాజ్యం కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఈనాటికీ ఆమెకు తిన్నది అరగదు.

ఇంటికొచ్చి తేజశ్రీకి బిళ్ళ వేసి, జావ తాగించి పడుకోబెట్టింది. పిల్ల తాగిన ప్రతి గుక్కా ఇంకో పిల్ల నోటి దగ్గర నుంచి లాక్కొచ్చినట్టే అనిపించింది. రేపు చెప్దాం, పొద్దున్నే చెప్దాం అని తనకు తనే సర్దిచెప్పుకుంది. రేపటికి ఆ పిల్ల ఉంటుందా అని మనసు అడిగింది. చెడు ఊహించడంలో దాన్ని మించింది లేదు కదా. అన్నిసార్లూ ఉత్తుత్తికే భయపడుతుంది, నిజంగా భయపడాల్సిన చోట మాత్రం పడుకుంది.

తెల్లారేసరికి రెబ్కానే వచ్చింది, జుట్టు కూడా ముడేసుకోకుండా.

"అమ్మగారూ, బిడ్డ కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతావుంది. దొడ్డికి నల్లగా పోతంది, తారులాగా. మీరొచ్చి ఒక్కసారి డబ్బా పెడితే నెమ్మదిస్తదేమో."

"డబ్బా వద్దు. నా మాట విని గుంటూరు తీసికెళ్ళు. ఇప్పుడే."

"సూదులు ఇషమని మీరే అన్నారుగా?"

"అన్నాను. వెళ్ళు రెబ్కా."

రెబ్కా కదల్లేదు. "నా బిడ్డ చచ్చిపోద్దని మీ చేతిమీదికి రాకుండా పంపిస్తన్నారా? మీరు చెయ్యేస్తే తగ్గుద్ది అమ్మగారూ. పెద్దాసుపత్రిలో మమ్మల్నెవరు చూస్తారు? నేను పోను. మీరే ఏదోటి చెయ్యండి."

గుమ్మంలో చతికిలబడింది. అప్పుడర్థమైంది రాజ్యానికి. ఇన్నేళ్ళుగా ఎంత బాగా చెప్పిందో, ఆ చెప్పిందే ఇప్పుడు దారికి అడ్డంగా కూర్చుంది. ఊరికే వెళ్ళమంటే ఈ మనిషి వెళ్ళదు. వెళ్ళాలంటే చూపించాల్సిందొక్కటే ఉంది.

లోపలికెళ్ళి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది. పొట్లం తెచ్చి రెబ్కా చేతిలో పెట్టింది.

"ఏందండీ ఇయ్యి?"

"తేజకి వేస్తున్న బిళ్ళలు. దానికీ అదే జ్వరం. టైఫాయిడ్ అంట. గుంటూరు తీసికెళ్ళి చూపించాను. లంఖణం పెట్టకూడదన్నారు. నేను తప్పు చెప్పాను."

రెబ్కా బిళ్ళల వంక చూసింది. పొట్లంలోంచి ఒక బియ్యపు గింజ రాలి నేలమీద పడింది.

"ఎప్పుడు తీసికెళ్ళారు?"

"నిన్న పొద్దున."

"నిన్న మాపటేల మా ఇంటికొచ్చారు."

"వచ్చాను."

"వచ్చి నవ్వి పోయారు."

తిడితే బాగుండును, కొట్టినా బాగుండును అనుకుంది రాజ్యం. రెబ్కా తిట్టలేదు. పొట్లం గుమ్మం మీద పెట్టేసి, పరుగున పాలెం వైపు వెళ్ళింది. అప్పటికే అంకమ్మరావు చొక్కా తగిలించుకుంటూ బయల్దేరాడు, సెంటర్లో మాబు ఆటో ఉంటుందని.

ఆటోలో ఫెబా తల తల్లి ఒళ్ళో ఉంది, కాళ్ళు రాజ్యం ఒళ్ళో. రమ్మని రెబ్కా పిలవలేదు, వద్దని కూడా అనలేదు. తేజశ్రీని తండ్రికి అప్పజెప్పి రాజ్యమే ఎక్కి కూర్చుంది. పత్తిచేల మధ్య రోడ్డు గతుకులు తగిలినప్పుడల్లా పిల్ల మూలిగేది. ఆ మూలుగు ఆగిపోతే ఏమిటి గతి అని రాజ్యం, మూలిగినప్పుడు ఒక దేవుణ్ణీ, మూలగనప్పుడు ఒక దేవుణ్ణీ మొక్కింది. మధ్యలో ఏసుప్రభువును కూడా మొక్కింది, ఆయన పిల్ల కదా అని.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరమ్మ ఫెబా పొట్ట నొక్కి చూసి అడిగింది. "ఏం మందులు వాడారు?"

"ఏం లేదండి. తేనె నీళ్ళు" అంది రెబ్కా.

"ఇంకేమైనా చేశారా? ఎనిమా లాంటిది?"

రెబ్కాకు ఆ మాట తెలియదు. డబ్బా అంటే తెలుసు. అయోమయంగా చూసింది. ఆ ఒక్క క్షణంలో, ఊరుకుంటే ఎవరికీ తెలియదు కదా అన్న ఆలోచన రాజ్యానికి రాకపోలేదు. వచ్చింది. వచ్చినందుకు తనంటే తనకే అసహ్యం పుట్టింది.

"ఇచ్చామండి" అంది. మళ్ళీ సరిదిద్దుకుంది. "ఇచ్చానండి. నేనే. మొన్నటిదాకా రోజూ."

డాక్టరమ్మ ఆమె వంక ఒకసారి చూసింది. "మీరెవరు?"

ఊళ్ళో అయితే ఆ ప్రశ్నకు జవాబు తెలుసు. ఇక్కడ ఎంత వెతికినా దొరకలేదు. "పక్కింటివాళ్ళమండి" అంది చివరికి. అదీ నిజం కాదు.

సర్జన్ని పిలిచారు. పొట్టకి ఎక్స్‌రే తీశారు. పేగు చిట్లలేదు, పుండు పడి రక్తం పోతోందన్నారు. రక్తం ఎక్కించి, మందులు పెట్టి చూస్తామన్నారు. కోయాల్సి రావచ్చు, రాకపోవచ్చు. రాజ్యానికి రావచ్చు అన్నదొక్కటే వినపడింది. వరండాలో గోడకు ఆనుకుని నిలబడింది. వెళ్ళిపోవాలో ఉండాలో తెలియలేదు. ఇంటి దగ్గర తేజశ్రీకి బిళ్ళవేళ అయింది, ఆయన వేస్తాడో మర్చిపోతాడో. వెళ్తానని చెప్పడానికి లోపలికి తొంగి చూసింది.

"ఏడకి?" అంది రెబ్కా.

"తేజ..."

"దాని నాయన లేడా? ఇట్టా రా. బిడ్డ కాళ్ళు లాగుతున్నాయంటంది, పట్టు."

రా అంది, పట్టు అంది. ఇన్నేళ్ళలో రెబ్కా నోటివెంట ఆమెకు అలాంటి మాట ఎప్పుడూ రాలేదు. రాజ్యానికి అది కష్టంగా లేదు. మంచం కింది వైపు కూర్చుని ఫెబా పాదాలు ఒళ్ళోకి తీసుకుంది. పిక్కల మీద బొటనవేలితో మెల్లగా రాసింది. గట్టిగా నొక్కాలన్నా భయమే, ఎక్కడేం చిట్లుతుందోనని. కాసేపటికి పిల్ల ముఖంలో ముడతలు విడి, కళ్ళు మూతలు పడ్డాయి.

కోయకుండానే గండం గడిచింది. కానీ ఆ సంగతి తేలేదాకా రాజ్యం రోజూ తేజశ్రీకి పొద్దుటి బిళ్ళ వేసి, బస్సెక్కి వచ్చి కాళ్ళు పట్టి వెళ్ళేది. జావ తెచ్చేది. రెబ్కా తీసుకునేది, రుచి చూసి పిల్లకి పోసేది. రుచి చూసేటప్పుడు రాజ్యం వంకే చూసేది. ఆ చూపు తనకు దక్కవలసిందేననుకుని కూర్చునేది రాజ్యం.

పక్కమంచం దగ్గర కోడలికి తోడుగా వచ్చిన వెంకటేశ్వరమ్మ అనే పెద్దావిడ ఇదంతా గమనిస్తూ వచ్చింది. ఒకరోజు నడుం పట్టుకుని లేచి, రెబ్కాను అడిగింది.

"ఏమ్మా, ఈవిడ చేత్తో పట్టంగానే మీ పిల్ల నిద్రపోతంది. వైద్యం తెలిసిన మనిషా?"

రెబ్కా ఏం చెబుతుందో, వార్డంతా వినేలా చెబుతుందేమో, చెప్పినా తప్పేముంది అనుకుంది రాజ్యం.

రెబ్కా జావ గిన్నె గోకుతూ తలెత్తలేదు.

"నొప్పులకైతే పర్లేదు పెద్దమ్మా, పట్టిచ్చుకో" అంది. "జొరానికి మాత్రం ఎల్లమాక."

రాజ్యం లేచి వెళ్ళి, పెద్దావిడను పక్కకు తిప్పి పడుకోబెట్టింది. నడుం మీద చెయ్యి వేసే ముందు ఆగింది.

"ఎన్నాళ్ళనుంచమ్మా ఈ నొప్పి? జ్వరమేమైనా తగులుతోందా? ముందు డాక్టరుకు చూపించావా?"

"ఇన్ని అడుగుతావేందే తల్లీ, పట్టు" అంది వెంకటేశ్వరమ్మ.