జానెడు సందు

నా కోడీ కుంపటీ లేకపోతే లోకానికి తెల్లవారదని వెనకటికి ఒక ముసలమ్మ అనుకుందట. లోకం సంగతేమో గానీ, ఆ ఇంటికి మాత్రం కోళ్ళు లేకపోతే తెల్లవారదు. పెరట్లో కోళ్ళు ఉన్నాయి కాబట్టే పదమూడేళ్ళ గువ్వ ఆ ఇంట్లో ఉంటోందని ఇంట్లో వాళ్ళందరికీ తెలుసు. అందరూ అంటే ఎవరని? లారీ నడిపే తండ్రి, అతను రెండో పెళ్ళి చేసుకుని తెచ్చుకున్న బేకరీ ఆవిడ. అంతే.

తల్లి పోయిన ఏడాదికి తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, తల్లి అక్కగారు దిగి, పిల్లని తీసుకుపోతానని కూర్చుంది. బట్టలు కూడా సంచీలో సర్దేసింది. గువ్వ గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది.

"మరి కోళ్ళనెవరు చూస్తారు పెద్దమ్మా?"

సంచీ మళ్ళీ లోపలికి వచ్చింది. పెద్దమ్మ పోతూ పోతూ, "నీకెప్పుడు రావాలనిపిస్తే అప్పుడొక్క ఫోన్ కొట్టు తల్లీ" అని పిల్లతోనే చెప్పింది గానీ, చూపు మాత్రం కొత్త పెళ్ళికూతురి మీద పెట్టింది. ఆ మాట తగలాల్సిన వాళ్ళకే తగిలింది.

బేకరీ ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి. చిన్న వయసు నుంచీ బేకరీలో పిండి గదిలోనే పని. పిండి కలపడం, ముద్దలు చేయడం, తడిగుడ్డ కప్పి పొంగే దాకా కనిపెట్టుకుని ఉండడం. ఈ పిల్ల మనసు కూడా ఎప్పటికో అప్పటికి పొంగకపోతుందా, "పిన్నీ" అని పిలవకపోతుందా అని ఆమె ఆశ. సవతి తల్లి ప్రేమ అని లోకం ఊరికే ఆడిపోసుకుంటుంది గానీ, ఆ మాట పుట్టించినవాడు సవతి బిడ్డ ప్రేమని చవిచూసి ఉండడు. గువ్వ ఆమెని తిట్టేది కాదు, ఎదురు చెప్పేది కాదు. అసలు ఏమనీ పిలిచేదే కాదు. "నాన్న ఎప్పుడొస్తాడో" అని గోడతో అనేది. గోడ తరఫున బేకరీ ఆవిడ జవాబు చెప్పేది.

పిల్ల మాటలన్నీ పెరట్లోనే. ఇనుప జాలీ చుట్టిన ఆవరణ, దాని మూలన కాళ్ళ మీద నిలబెట్టిన చెక్క గూడు, అందులో ఏడెనిమిది కోళ్ళు. అన్నీ తల్లి పెంచినవే. అన్నిటికన్నా పెద్దదాని పేరు బామ్మ. కాలు ఈడ్చేది కుంటెమ్మ. పనీపాటూ లేకుండా రోజంతా అరిచేది పంచాయితీ. పొద్దున్నే గువ్వ గూడు తలుపు తీసి, లోపలికి తల దూర్చి, కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చేది. ఆ తర్వాతే ఇంకే పనైనా. వంటింటి కిటికీలోంచి అది చూసి బేకరీ ఆవిడకి గుండె నీరయ్యేది. తల్లి చేతుల వాసన ఇంకా ఆ చెక్కల్లో వెతుక్కుంటోంది కాబోలు అనుకుంది. అలాంటి దాని గురించి నోరు తెరిచి ఎలా అడుగుతుంది? అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

చలి ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం గువ్వ కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. ఆస్పత్రికి తీసుకెళితే అపెండిక్స్ అన్నారు, కోయాలన్నారు. కోసినచోట చీము పట్టి, ఉండాల్సిన రోజులు ఇంకా పెరిగాయి. పక్కన ఒక్కరే ఉండాలంటే పిల్ల నాన్నే కావాలంది. బేకరీ ఆవిడ సంచీలో దుప్పటి పెట్టిచ్చి, మంచం దగ్గర నిలబడి, "కోళ్ళని నేను చూసుకుంటాలే, ఏం చెయ్యాలో చెప్పు" అంది.

గువ్వ పైకప్పు కేసి చూస్తూ చెప్పింది. పొద్దున్నే కోళ్ళు ఎక్కి పడుకునే కర్ర కింద పలక మీది రెట్ట రేకు ముక్కతో గీకెయ్యాలి. నేల మీది చెక్క పొట్టు దంతెతో అడుగునుంచీ తిరగెయ్యాలి, తడి తగిలినచోట తీసి పారేసి పొడిది పొయ్యాలి. నీళ్ళ గిన్నె ఎప్పుడూ బయటే.

"ఇంకేమైనా ఉందామ్మా?"

"ఇంకేం లేదు. దేన్నీ మార్చద్దు, అంతే."

మొదటి రెండు రోజులూ బేకరీ ఆవిడ చెప్పింది చెప్పినట్టే చేసింది. మూడో రోజు ముసురు పట్టింది. సన్నని వాన, దానికి తోడు ఎముకలు కొరికే గాలి. సాయంత్రం గూట్లోకి తొంగి చూస్తే కోళ్ళన్నీ ఈకలు ఉబ్బించుకుని, ఒకదాన్నొకటి ఆనుకుని ముడుచుకుపోయి ఉన్నాయి. గూడు గోడకీ పైకప్పుకీ మధ్య నాలుగువైపులా జానెడు సందు వదిలేసి ఉంది. అందులోంచి గాలి రివ్వున కొడుతోంది. ఆవిడ ప్రాణం ఉసూరుమంది. పాపం చచ్చి ఏ లోకాన ఉందో ఆ ఇల్లాలు, సందు మూసే తీరిక దొరకలేదు కాబోలు, పిల్లకి చెయ్యి అందలేదు కాబోలు అనుకుంది.

పిండి గదిలో పెరిగిన మనిషికి తెలిసిన ధర్మం ఒక్కటే: ప్రాణమున్న దానికి వెచ్చదనం కావాలి, గాలి తగలకూడదు. తలుపు ఓరగా ఉన్నా పిండి అలిగి కూర్చుంటుంది. ఆవిడ బేకరీ నుంచి ఖాళీ మైదా సంచులు తెచ్చింది, లారీ మీద కప్పే పాత ప్లాస్టిక్ పట్టా కోసింది, సందు మొత్తం మూసి మేకులు కొట్టింది. జాలీ చుట్టూ కూడా పట్టా బిగించింది. నీళ్ళు బయట గడ్డకట్టేలా ఉన్నాయని గిన్నె లోపల పెట్టింది. పొట్టు తిరగేస్తే అడుగునున్న చల్లదనం పైకొస్తుందని ఆ పని కూడా మానేసి, ఉన్నదాని మీదే కొత్త పొట్టు పోసింది. చేతులు బొబ్బలెక్కాయి. ఆ ఇంట్లో అడుగుపెట్టాక తనకంటూ ఒక పని చేసినట్టు ఆమెకి అనిపించడం అదే మొదలు. పిల్ల వచ్చి చూస్తే ఏమంటుందో ఊహించుకుంటూ అన్నం రెండు ముద్దలు ఎక్కువ తింది.

మర్నాడు గూడు తలుపు తీస్తే వెచ్చని ఆవిరి మొహానికి కొట్టింది. లోపలి చెక్కల మీద నీటిబొట్లు వరసగా పట్టి ఉన్నాయి. పిండి గదిలో గోడలు అలా చెమర్చాయంటే పనివాళ్ళు సంతోషిస్తారు. గది సరిగ్గా అమరిందని గుర్తు. ఆవిడ కూడా సంతోషించింది. ముక్కులో ఏదో ఘాటు తగిలింది గానీ, కోళ్ళన్నాక వాసన రాకుండా ఉంటుందా అని సరిపెట్టుకుంది.

ఆ తర్వాత పంచాయితీ అరుపు ఆగిపోయింది. కోళ్ళు తుమ్మడం మొదలుపెట్టాయి, కళ్ళు నీళ్ళు కారి రెప్పలు అంటుకుపోయాయి, ఊపిరి తీస్తే గొంతులో గురగుర. చలి చేసిందనుకుంది. పట్టా మీద ఇంకో పట్టా వేసింది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే: ఆమె ఎంత ఎక్కువ ప్రేమగా చూస్తే అవి అంత తొందరగా చచ్చాయి. ముందు కుంటెమ్మ, తర్వాత మరో రెండు, గువ్వ ఇంటికి వచ్చే ముందు రోజు పొద్దున బామ్మ. తడిసి ముద్దయిన పొట్టులో రెక్కలు విప్పుకుని పడి ఉన్న బామ్మని ఒళ్ళో పెట్టుకుని బేకరీ ఆవిడ ఆ బురదలోనే కూలబడిపోయింది. కోడి కోసం ఏడుస్తోందో, గుమ్మం దాకా వెళ్ళి ఆగిన సంచీ కోసం ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

ఫోన్‌లో లారీ డ్రైవరుకి సంగతి చెప్పింది.

"సరే, ఏడవకు. డిశ్చార్జి రేపు సాయంత్రం గదా. పొద్దున్నే మార్కెట్టుకెళ్ళి అలాంటివే చూసి నాలుగు తెచ్చి పడెయ్యి. కోడికీ కోడికీ ఏం తేడా ఉంటుందే, మొహం మీద పేరు రాసుంటుందా?"

"దానికి తెలుస్తుందండీ."

"తెలిస్తే తెలుస్తుంది. ముందు ఇంట్లోకి రానీ."

ఆమె వెళ్ళింది కూడా. మార్కెట్లో బుట్టల ముందు నిలబడి, బామ్మ రంగు కోడిని చేతిలోకి తీసుకుంది. అది బలంగా, వెచ్చగా, ఏ పాపం ఎరగనట్టు ఆమె మొహంలోకి చూసింది. దాన్ని బుట్టలో దింపేసి ఉత్త చేతులతో ఇంటికి వచ్చేసింది. అబద్ధం చెప్పి పిల్ల దగ్గర సంపాదించుకునేది ఏముంటుంది? ఇవాళ కాకపోతే రేపు బయటపడి, ఉన్నదీ పోతుంది.

సాయంత్రం గువ్వ పొట్ట పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. ఇంట్లోకి కాదు, పక్క సందులోంచి తిన్నగా పెరట్లోకే. బేకరీ ఆవిడ ఎదురెళ్ళింది.

"నాలుగు పోయాయమ్మా. బామ్మ కూడా. చలికి తట్టుకోలేవని నేనే అంతా మూసేశాను."

గువ్వ ఆమెని దాటి వెళ్ళి తలుపు తీసింది. లోపలికి తల పెట్టీ పెట్టకుండానే దగ్గు తెరలు వచ్చి వెనక్కి తూలింది. కుట్లు లాగినట్టున్నాయి, మొహం తెల్లగా పాలిపోయింది. ఎగిరి సంచుల మేకులు పీకబోతే చెయ్యి అందలేదు.

"తీసెయ్యండి," అంది. తర్వాత గొంతు చించుకుని, "అన్నీ తీసెయ్యండి! ఎవరు మూయమన్నారు? చలికి కోళ్ళు చావవు! ఈకలెందుకున్నాయి వాటికి? చెమ్మకి చస్తాయి! రెట్టలోంచి వచ్చే ఘాటు పైనుంచి పోవాలనే మా అమ్మ అది వదిలింది! దేన్నీ మార్చద్దన్నానా లేదా?"

ఆ పిల్ల ఆమెతో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడడం అదే మొదటిసారి. బేకరీ ఆవిడ బల్ల ఎక్కి, మైదా సంచులు ఒక్కొక్కటే లాగి కింద పడేసింది. చీకటి పడేలోగా తడి పొట్టంతా ఎత్తి పోసింది. నేల గీకి, బూడిద చల్లి, పొడి పొట్టు పరిచింది. గువ్వ బల్ల మీద కూర్చుని ఏది తియ్యాలో వేలితో చూపించింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే అయినా, కాస్త పనికొచ్చాయి. ఆ తర్వాత ఇంకొక్కటి పోయింది. పంచాయితీ, దానితో పాటు రెండు బతికి బట్టకట్టాయి.

అప్పుడు జరిగింది బేకరీ ఆవిడ కలలో కూడా అనుకోనిది. గువ్వ పొద్దున్నే ఆమెని లేపి పెరట్లోకి తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టుందే అని తండ్రి నవ్వాడు గానీ, పిల్ల నవ్వలేదు. పొట్టు గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా నొక్కి చూపించింది. ముద్దకడితే తడి ఉన్నట్టు, రాలిపోతే పొడిగా ఉన్నట్టు. జాలీ చుట్టూ నీళ్ళు పోయే కాలవ ఎంత లోతు ఉండాలో, వాన గాలి ఏ వైపు నుంచి కొడుతుందో, పట్టా ఆ ఒక్క వైపే, మోకాలి ఎత్తు వరకే ఎందుకు కట్టాలో చెప్పింది. గూట్లోకి తల దూర్చమంది.

"కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చాలి. ముక్కు మండితే గాలి ఆడనట్టు. మండకపోతే బాగున్నట్టు. అమ్మ రోజూ ఇలాగే చూసేది."

బేకరీ ఆవిడ సిగ్గుతో చాలాసేపు తల బయటికి తియ్యలేదు. పిల్ల చేసే పనిని పని అనుకోకుండా దుఃఖం అనుకుంది తను. అడగడానికి మొహమాటపడి అయిదు ప్రాణాలు తీసింది.

అయినా మనిషి ఆశ చెడ్డది. పక్కపక్కన నిలబడి రేకు ముక్కతో పలక గీకుతుంటే, పిల్ల భుజం అప్పుడప్పుడు తన మోచేతికి తగులుతుంటే, ఇంత నష్టం జరిగితే గానీ ఇంత దగ్గరితనం రాదేమో అని కూడా ఆమెకి అనిపించింది. అలా అనుకున్నందుకు తన్ను తాను తిట్టుకుంది. తిట్టుకుంటూనే సంతోషపడింది. బేకరీలో తోటివాళ్ళతో, "మా పిల్ల నాకన్నీ నేర్పుతోంది" అని చెప్పుకుంది. మా పిల్ల అనడం ఎంత బాగుందో ఇంటికి వచ్చే దారంతా అనుకుంటూ వచ్చింది.

ఒక పొద్దున గువ్వ చేతులు కట్టుకుని పక్కన నిలబడి, పని మొత్తం ఆమె చేతే చేయించింది. ఒక్క తప్పు కూడా రాలేదు. ఆమె గూట్లో తల పెట్టి పీల్చి, "మండట్లేదమ్మా" అని నవ్వుతూ వెనక్కి తిరిగింది.

గువ్వ తల ఊపింది.

"ఇప్పుడు నీకంతా వచ్చేసింది కదా పిన్నీ," అంది. "ఆదివారం పెద్దమ్మ వస్తోంది. నేనే ఫోన్ చేశాను."

బేకరీ ఆవిడకి ముందు ఆ పిలుపే వినబడింది. మిగతాది అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక, ఏదో ఒకటి అనాలి కాబట్టి, "వీటిని కూడా తీసుకెళ్ళమ్మా, నీవే కదా" అంది.

"వద్దు," అంది గువ్వ. "వాటికి చోటు మారితే పడదు."

పలక మీద ఇంకా సగం రెట్ట మిగిలి ఉంది. గువ్వ స్కూలుకి తయారవడానికి లోపలికి వెళ్ళిపోయాక, బేకరీ ఆవిడ ఏడుస్తూనే ఆ సగమూ గీకేసింది.