వట్టివేరు తైలం కాచిన రోజులు

1979 వేసవిలో నగరిలోని ఒక మరమగ్గాల షెడ్డులో నూలు మోసుకుంటూ అటూఇటూ పరుగెత్తే నాడె ఎగిరివచ్చి, పక్కనే పనిచేస్తున్న కుప్పయ్య కుడికంటికి తగిలింది. ఆ కంటి చూపు పోయింది. మగ్గం నడుపుతున్నది ధనంజయ. మర్నాటి నుంచి మగ్గం ముందు నిలబడితే చాలు, అతని చేతులు వణికేవి. నెల తిరిగేసరికి పని మానేశాడు. కుప్పయ్య ఉండే వీధిలోకి కూడా పోలేదు.

ధనంజయ అక్క మొగుడు మునిరామయ్య ఏర్పేడు దగ్గర వట్టివేళ్ళ నుంచి తైలం తీసేవాడు. సంగతి తెలిసి అతన్ని పిలిపించుకుని పని నేర్పాడు. వేళ్ళు కడిగి మన్ను వదిలించాలి. ముక్కలు నరికి నానబెట్టాలి. రాగి బానలో వేసి సన్నటి మంట మీద గంటల తరబడి కాచాలి. తొందరపడి మంట ఎగదోస్తే తైలానికి మాడు వాసన పడుతుంది. ఆవిరి గొట్టంలో చల్లబడి, నీళ్ళతో కలిసి తేనెరంగు తైలం బొట్టుబొట్టుగా దిగేది. ఒక బస్తా వేళ్ళకు చిన్న సీసా నిండితే గొప్ప. అగరుబత్తుల వాళ్ళు, అత్తరు వాళ్ళు వచ్చి పట్టుకుపోయేవారు.

ఒకరోజు ధనంజయ అడిగాడు. "బావా, ఇది రాసుకుంటే మనసు కుదుటపడతాదంటారే. నాకూ పడతాదా?"

"రెండు సుక్కలు నువ్వులనూనెలో కలిపి కణతలకు రాసుకో. దడ కొంచెం తగ్గుతాది. అంతకుమించి దానికి చేతకాదబ్బా. మిగతాది నువ్వే పోయి చేసుకోవాల."

పదిరోజులు రాసుకున్నాడు. వణుకు పూర్తిగా పోలేదు గానీ, ఒక ఉదయం తిరుపతిలో బస్సు మారి నగరిలో దిగాడు.

కుప్పయ్య అరుగు మీద కూర్చుని కండెలకు నూలు చుడుతున్నాడు. ధనంజయ కూర్చోకుండానే చెప్పేశాడు, నాడెను కొట్టే తోలు అరిగిందని తనకు ముందే తెలుసునని, సాయంత్రం మార్చుకోవచ్చులే అని ఊరుకున్నానని.

కుప్పయ్య చేతిలోని కండె ఆగింది.

"ఆ తోలు నేనూ సూసినానప్పా," అన్నాడు. "నేనూ ఊరకనే ఉండినాను. నాకు కోపం దానికి గాదు. ఇన్నాళ్ళూ నువ్వు రాలేదే, దానికి."

ధనంజయ అరుగు మీద కూలబడి ఏడ్చాడు.

మధ్యాహ్నం ఇద్దరూ షెడ్డు యజమాని దగ్గరికి పోయి, అరిగిన తోళ్ళన్నీ మార్చేదాకా మగ్గాలు తిప్పవద్దన్నారు. అతను ఒప్పుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. ధనంజయ మళ్ళీ మగ్గం పట్టలేదు, ఏర్పేడులోనే స్థిరపడిపోయాడు. ఏటా వేళ్ళు తవ్వే కాలానికి కుప్పయ్య వచ్చి వారం రోజులుండి, వేళ్ళు కడిగిపెట్టి పోయేవాడు.