ఐదుకి ఐదు

“ఆ నీలం డ్రెస్సు ఏదమ్మా? మంగళవారం వేసుకున్నావు, ఉతికే బట్టల్లో ఎక్కడా కనపడదు,” అంది అత్తగారు, బకెట్లో బట్టలు ఎత్తి చూస్తూ.

శుక్రవారం పొద్దున్న. ఒక పొయ్యి మీద టీ, ఇంకో పొయ్యి మీద కూర. ఆమె గరిటె తిప్పుతూనే, “ల్యాబులో వదిలేశానత్తయ్యా. రక్తం మరక పడితే అక్కడే నానబెట్టాను,” అంది. రక్తపరీక్షల ల్యాబులో పని కాబట్టి అబద్ధం అతికినట్టే సరిపోయింది. నిజానికి ఆ డ్రెస్సు పడకగది అటక మీద, చలికాలం దుప్పట్ల పెట్టెలో ఉంది. ప్లాస్టిక్ సంచిలో కాదు, కాగితం సంచిలో. తడి తగిలిన గుడ్డని ప్లాస్టిక్‌లో మూస్తే పాడవుతుందని పదకొండేళ్లుగా శాంపిళ్లు తీస్తున్న మనిషికి వేరే ఎవరో చెప్పక్కర్లేదు. సంచి మీద తేదీ, విప్పిన టైము కూడా రాసింది. అలవాటు అలాంటిది.

“దాని మీది స్కార్ఫు మాత్రం దొరికింది. నిన్ననే ఉతికి ఆరేశాను,” అంది అత్తగారు.

గరిటె ఆగింది. కిటికీలోంచి చూస్తే తీగ మీద స్కార్ఫు కనిపించింది, తెల్లగా, అమాయకంగా, ఏమీ ఎరగనట్టు. మంగళవారం వాడు పట్టి లాగింది దాన్నే. కూర అడుగంటిన వాసన వచ్చేదాకా ఆమె దాన్నే చూస్తూ నిలబడింది. “ఎక్కడ పెట్టావు మనసు?” అని అత్తగారు వచ్చి పొయ్యి తగ్గించింది.

మంగళవారం జరిగింది చెప్పుకోవాలంటే ఒక తలనొప్పితో మొదలుపెట్టాలి. మధ్యాహ్నం కళ్లు తిరుగుతుంటే ల్యాబులో తొందరగా పంపించేశారు. బస్సులో నిలబడే ఓపిక లేక భర్తకి ఫోన్ చేసింది. క్యాబ్ బుక్ చెయ్యడం ఎప్పుడూ ఆయన పనే. “రెండు ఫోన్లలో ఎందుకు, నా దాంట్లో ఉంది చాలదా,” అన్నాడు అయిదేళ్ల కిందట, ఆ మాట అక్కడే స్థిరపడిపోయింది. సూది గుచ్చినట్టు తెలియకుండా రక్తం తీస్తుందని పేరున్న మనిషి, తనని తాను ఇంటికి చేర్చుకునే దగ్గర మాత్రం మైనరుగానే ఉండిపోయింది. “పంపించా, నంబరు చూసుకుని ఎక్కెయ్,” అన్నాడాయన. ఎక్కింది.

“సార్ పేరు మీద ఉంది, మీరేనా మేడమ్?” అని డ్రైవరు నవ్వాడు. మెయిన్ రోడ్డు మీద రద్దీ అన్నాడు. పక్కకి తిప్పాడు. రెండు వైపులా గోడౌన్ల గోడలే ఉన్నచోట కారు ఆపి వెనక సీట్లోకి వచ్చాడు. తలుపులు లోపలినుంచి తెరుచుకోలేదు. నోరు మూసిన అరచేతికి పిప్పరమెంటు వాసన. ఎంతసేపని అడిగితే ఆమెకి తెలియదు. ఒక లారీ వెనకొచ్చి దారివ్వమని హారన్ కొడితే వాడు ముందు సీట్లోకి వెళ్లి కారు తీశాడని మాత్రం చెప్పగలదు. ఆ తర్వాత, ఏ సందు మొదట్లో దింపాలని ఫోన్లో ఉందో సరిగ్గా ఆ సందు మొదట్లో దింపాడు. “చూసుకుని దిగండి మేడమ్,” అన్నాడు. మిగతాదంతా ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. రాత్రిళ్లు చెవిలో పడేది ఆ మాటే.

సాయంత్రం భర్త స్కూలు నుంచి వచ్చాక, ఏడూ పది అయింది గోడ గడియారంలో, వంటింట్లో నిలబడే చెప్పింది. ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, కాదనకూడదు. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. వెనక సీట్లోనే కూర్చున్నావా. కేక వెయ్యలేదా. ఎవరైనా చూశారా. మూడో ప్రశ్నకి ఆమె లేదంటే ఆయన గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. “వాడికి మన ఇల్లు తెలుసు. తొందరపడకూడదు. రేపు ఆలోచిద్దాం,” అన్నాడు. అప్పటినుంచి రెండు రేపులు వచ్చి వెళ్లాయి. మూడోది ఇదిగో, టీ పొంగుతోంది. ఒంటికి ఏం జరిగినా వంటింటికి సెలవుండదు కదా, కూరలు తరుగుతోంది, గ్లాసులు కడుగుతోంది, ల్యాబుకెళ్లి ఊళ్లోవాళ్లందరి నరాలూ వెతుకుతోంది. మనసు మాత్రం ఇంకా ఆ తలుపు పిడి లాగుతూనే ఉంది.

ఆయన స్నానానికి వెళ్లాడు. ఫోన్ బల్ల మీద చార్జింగులో ఉంది. ట్రిప్పు వివరాలు తన ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుందామని తెరిచింది. కారు నంబరు ఉంది, వాడి మొహం ఉంది, వెళ్లిన దారి గీతలా ఉంది. కింద వరసగా అయిదు పసుపు నక్షత్రాలు వెలుగుతున్నాయి. వాటి కింద చిన్న అక్షరాల్లో: మర్యాదస్తుడు. ఇచ్చిన సమయం, బుధవారం ఉదయం ఏడూ నలభై.

ఆయన లెక్కల మాస్టారు. సున్నా గుండ్రంగా లేదని అర మార్కు కోసే మనిషి. పాతికేళ్ల సర్వీసులో ఏ పిల్లకీ వందకి వంద వెయ్యలేదని గొప్పగా చెప్పుకుంటాడు.

తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చిన ఆయనకి ఆమె ఫోన్ చూపించింది. “మీరు వాడికి ఐదుకి ఐదు ఇచ్చారా?”

ఆయన తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. “బండి మెకానిక్ దగ్గరుంది కదా. బుధవారం క్యాబ్ కోసం తెరిస్తే, ముందు పాతదానికి రేటింగ్ ఇమ్మని అడ్డం నిలబడింది. ఇస్తేగానీ ముందుకి పోనివ్వదు. ఫస్ట్ పీరియడ్ నాదే. నొక్కేశాను.”

“ఒకటి నొక్కచ్చుగా.”

“ఒకటి నొక్కితే ఎందుకని అడుగుతుంది. ఏం రాయను?”

“మర్యాదస్తుడు అని కూడా ఉంది.”

“బొమ్మలు వరసగా వస్తాయి, ఏదో ఒకటి చేతికి తగిలింది. దాన్ని పట్టుకుని ఇప్పుడు…” ఫోన్ మెల్లగా ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. “చూడు, నేనేం సంతోషంగా లేను. కానీ రేపు స్కూల్లో తెలిస్తే? పిల్లలు బోర్డు మీద రాస్తారు. నువ్వు తట్టుకోగలవా?”

బోర్డు మీద రాస్తే తట్టుకోలేనిది ఎవరో ఆమె అడగలేదు. ఆయన తిన్నాడు, కూర కాస్త మాడిందన్నాడు, వెళ్లిపోయాడు. గ్లాసు ఎత్తడానికి వచ్చిన అత్తగారు వెళ్లకుండా అక్కడే నిలబడింది.

“డ్రెస్సు ల్యాబులో లేదని నాకు తెలుసు. మావాడు నాకు అంతా చెప్పాడు,” అంది గొంతు తగ్గించి. “ఇటియ్యి, నానబెడతాను. ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే. మా రోజుల్లో ఈ కార్లు లేవుగానీ బస్సులుండేవి. రద్దీ బస్సులు. నేనెవరికైనా చెప్పానా? కడిగేసుకున్నాను, వంట చేశాను. నలభై ఏళ్లయింది.”

ఆమె అత్తగారి మొహంలోకి చూసింది. ఎన్నేళ్లుగానో ఒకే వంటింట్లో భుజం భుజం రాసుకు తిరుగుతున్నారు, ఈ సంగతి ఈ రోజుదాకా వినలేదు. బస్సు ఎంత ఖాళీగా ఉన్నా డ్రైవరు వెనక సీటే వెతుక్కునే ముసలమ్మని చాదస్తమని ఎన్నిసార్లు నవ్వుకుందో గుర్తొచ్చింది. ఆ ముల్లు సామెత కనిపెట్టింది ముల్లే అయ్యుంటుంది, ఆకులు దాన్ని ఇన్నాళ్లూ మోస్తున్నాయి.

“నలభై ఏళ్లయినా గుర్తుందిగా అత్తయ్యా,” అంది. ముసలమ్మ గ్లాసు తీసుకుని సింకు వైపు తిరిగింది. ఆ కాసేపట్లో ఆమె అటక మీది సంచి దింపి, తన హ్యాండ్‌బ్యాగులో అడుగున పెట్టుకుంది.

ల్యాబులో పదింటికి జనం పలచబడ్డాక శాంపిళ్ల గదిలో తలుపేసుకుని క్యాబ్ కంపెనీకి ఫోన్ చేసింది. మీ భద్రతే మాకు ముఖ్యమని ఒక రికార్డు గొంతు ఆరుసార్లు చెప్పింది. తర్వాత ఒకతను వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు.

“మేడమ్, ఆ ట్రిప్పు సార్ ఖాతాలో ఉంది. ప్రయాణించింది కూడా సారే అని చూపిస్తోంది.”

“ఎక్కింది నేను.”

“అర్థమైంది మేడమ్. కానీ మా రికార్డులో మీరు లేరు. పైగా సార్ మంచి రేటింగే ఇచ్చారు. ఒకసారి సార్‌తో మాట్లాడిస్తే నమోదు చేస్తాను.”

ఫోన్ పెట్టేసి కుర్చీలో కూర్చుంది. కాయితం మీద చూస్తే ఆ కారులో ఆమె లేనే లేదు. ఆయన ఎక్కాడు, హాయిగా దిగాడు, మర్యాదస్తుడని మెచ్చుకున్నాడు. ఆ తలుపు పిడి లాగిన చేతులు మరెవరివో అయ్యుండాలి. మొహం కడుక్కుందామని ఆడవాళ్ల బాత్రూములోకి వెళితే తలుపు వెనక ఎప్పటినుంచో ఉన్న హెల్ప్‌లైన్ కాగితం కనిపించింది. దాన్ని అంటించింది తనే. ఒక మూల ఊడితే టేపు వేసింది కూడా తనే.

ఆ నంబరుకి చేస్తే అవతలి గొంతు పెద్దావిడది, జలుబు చేసినట్టుంది. ఏమైందని అడగలేదు. “ఇప్పుడు మీరున్నచోట మీకు భయం లేదు కదా?” అంది.

“ల్యాబులో ఉన్నానండీ.”

“సరే. ఇంట్లో?”

ఇంట్లో ఎవరూ కొట్టరు, తిట్టరు, తలుపులు తాళం వెయ్యరు. మరి భయం లేదని ఎందుకు అనలేకపోతోంది. పెద్దావిడ తొందరపెట్టలేదు. చీదుకుంది, సారీ అంది, మీరెంత చెబితే అంతే చాలంది. మూడో రోజంటే ఇవాళే ఆసుపత్రికి రావడం మంచిదంది, జబ్బులు రాకుండా, నెల తప్పకుండా మందులు కొన్ని త్వరగా పడాలట. స్నానం చేశారా అంటే చేశానని ఆమె సిగ్గుపడింది. “అందరం చేస్తాం తల్లీ. అయినా రండి. డ్రెస్సు అలాగే ఉంచారా? ఎంత మంచి పని చేశారు. ఆ ఉతికిన స్కార్ఫు తర్వాతయినా తెచ్చివ్వండి.” గుర్తున్నది గుర్తున్నట్టు, ముందూ వెనకా అయినా సరే, ఒక కాయితం మీద రాసుకోమంది. కేసు పెట్టాలా వద్దా ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదట, పరీక్ష వేరు, కేసు వేరు.

“క్యాబ్ బుక్ చేసింది మావారండీ. ఆయన ఒప్పుకోకపోతే?”

“బుక్ ఎవరు చేస్తే ఏం, ఎక్కింది మీరు. పోలీసులు కంపెనీని నేరుగా అడుగుతారు. కారు ఎక్కడ ఎంతసేపు ఆగిందో వాళ్ల దగ్గర ఉంటుంది. పరీక్షకి మీ సంతకం చాలు, ఇంకెవరి సంతకమూ వద్దు. తోడు ఎవరైనా ఉన్నారా?”

“లేరు.”

“అయితే నేనొస్తాను. పచ్చ సంచితో ఉంటాను.”

ఆ మధ్యాహ్నం పన్నెండింటికి ఆసుపత్రిలో నర్సు ప్రతిసారీ ఆగి అడిగింది: “ఇక్కడ చెయ్యి వెయ్యనా? వద్దంటే ఆపేస్తాను.” మొదటిసారి విన్నప్పుడు అర్థం కాలేదు. రెండోసారి ఏడుపు తన్నుకొచ్చింది. మూడు రోజులుగా రానిదంతా వచ్చింది. ఆ మాట అంత సులువుగా అనచ్చా, మనుషుల్ని ఇలా అడగచ్చా అనుకుంటూ ఏడ్చింది. నర్సు గోడవైపు చూస్తూ ఓపిగ్గా నిలబడింది. పచ్చ సంచి ఆవిడ ముక్కు తుడుచుకునే కాగితాల్లోంచి సగం తీసి ఇచ్చింది.

ఆమె సరేనన్నాక ఆసుపత్రివాళ్లు పిలిపించిన పోలీసు ఆఫీసరమ్మ బయట గదిలో ఉంది, మామూలు బట్టల్లో. ఆమె చెప్పింది చెప్పినట్టు విన్నది. బల్ల మీద ఫోన్ వణికింది, భర్త మెసేజీ: అమ్మ చూసిందట, అటక మీంచి సంచి దింపి పట్టుకెళ్లావట. ఏమీ చెయ్యకు. నేనొచ్చాక కూర్చుని మాట్లాడదాం. నీకోసమే చెబుతున్నా.

“ఒక మాట ముందే చెప్పాలి,” అంది ఆఫీసరమ్మ. “బుకింగ్ మీవారిది కాబట్టి ఆయన్నీ సాక్షిగా పిలుస్తాం. ఆ రేటింగ్ సంగతి బయటికొస్తుంది, ఎందుకిచ్చారని అడుగుతారు. ఫిర్యాదు ఇప్పుడే రాయమంటారా, ఇవాళ్టికి వైద్యం వరకే ఉంచి ఇంటికెళ్లి ఆలోచించుకుంటారా? ఏదైనా మీ ఇష్టమే.”

ఇంటికెళ్లి. ఆ మాట దగ్గర ఆమె ఆగిపోయింది. రాసినా రాయకపోయినా ఈ రాత్రికి వెళ్లాల్సింది ఆ ఇంటికే. వేరే ఇల్లు లేదు. ఆ స్టూలు, ఆ సింకు, గోడవైపు తిరిగి పడుకునే ఆ వీపు. రాస్తే ఆయన తన మొహం చూడలేడు, రాయకపోతే అద్దంలో తన మొహం తనే చూసుకోలేదు. ఆయన చెడ్డవాడు కాదని నలుగురూ అంటారు, తనూ అంటుంది. చెడ్డవాడు కాని మనిషి పక్కన ఇంత ఊపిరాడకపోవడం ఎలాగో తనకీ తెలియదు. పచ్చ సంచి ఆవిడ ఇటూ అటూ చెప్పకుండా చేతులు ఒళ్లో పెట్టుకు కూర్చుంది.

ఆమె ఫోన్ బోర్లా తిప్పి పెట్టింది.

“రాయండి,” అంది. “మంగళవారం సాయంత్రం ఏడూ పదికి ఆయనకి చెప్పాను. బుధవారం పొద్దున్న ఏడూ నలభైకి ఆయన వాడికి ఐదుకి ఐదు ఇచ్చారు. ఆ వరసలోనే రాయండి.”