వేలు కదిలింది, మీట కదల్లేదు

న్యూమెక్సికోలో మే నెల తుపాకి పోటీలంటే పొద్దుటి నుంచి కళ్లలో ఇసుకే. మధ్యాహ్నానికి నా పాదాలు బూట్లలో ఉబ్బిపోయాయి. నేను అక్కడ రేంజి ఆఫీసర్ని. షూటర్ వెనకే పరుగెత్తి, అతను రైఫిల్‌ను తుపాకులు పెట్టే పీపాలో వదిలి పిస్తోలు అందుకునేటప్పుడు ఆ రైఫిల్‌ను చూడాలి. అది ఖాళీగానైనా ఉండాలి, పేలకుండా ఆపే సేఫ్టీ మీట అయినా వేసి ఉండాలి. రెండూ కాకపోతే ఆ మనిషికి పోటీ అయిపోయినట్టే.

తరవాత రావలసినవాడు నా భర్త హాలిస్. అతన్ని చూసే పని వేరేవాళ్లకి ఇవ్వమన్నాను. మనుషులు చాలలేదు. ఈ పోటీ సవ్యంగా ముగిస్తే హాలిస్‌కి రాష్ట్ర జట్టులో చోటు ఖాయం. మెడ ఆపరేషన్ అయినప్పటి నుంచి అతని ప్రాణమంతా దానిమీదే.

టైమర్ బీప్ మోగింది. దూరాన ఇనుప పలకలు ఖంగుమన్నాయి. హాలిస్ రైఫిల్ మూతి కిందికి దించి, బొటనవేలితో సేఫ్టీ తోసి, పీపాలో పెట్టాడు. ఆ వేలు కదలడం నేను చూశాను. వంగి చూస్తే మీట మాత్రం కదల్లేదు. తూటాల మ్యాగజీన్ ఇంకా రైఫిల్‌లోనే ఉంది.

టైమర్ పట్టుకున్న తోటి ఆఫీసర్ డ్వేన్ చూపు హాలిస్ చేతుల మీద ఉంది. పీపాలోకి చూసింది నేనొక్కదాన్నే. చెయ్యి పెట్టి మీట తోసేస్తే సరిపోతుంది కదా అనిపించింది.

"ఆపు," అన్నాను.

హాలిస్ పిస్తోలు తియ్యకుండానే ఆగిపోయాడు.

"వేశాను లొరీన్."

"వేలు వేసింది. మీట పడలేదు. వచ్చి చూడు."

వచ్చి వంగి చూశాడు.

"తగిలినట్టే ఉందే నాకు."

"ఆ వేలికి ఏది తగిలిందో తెలుస్తోందా అసలు?"

డ్వేన్ రైఫిల్ ఖాళీ చేయించాడు. "ఒరే హాలిస్, పెళ్లామే పోటీలోంచి తీసేసిందిగా, ఇవాళ చిల్లీ మాంసం కూర నువ్వే వండుకోవాలిరా."

"ఆవిడ వండినా అదే శిక్షలే," అన్నాడు హాలిస్. డ్వేన్ ఒక్కడే నవ్వాడు.

పోటీ నుంచి తీసేసినా ఇంటికి వెళ్లిపోవడం మా షూటర్లలో మర్యాద కాదు. హాలిస్ టేపు చుట్ట తీసుకుని కాగితం టార్గెట్లకు పడ్డ చిల్లులు అతికించడానికి కూర్చున్నాడు. టేపు కొస దొరక్క గోకుతూనే ఉన్నాడు. పక్కన కూలబడి, కొస తీసి ఇచ్చాను.

"ఎప్పట్నుంచి చూస్తున్నావ్ ఈ చెయ్యిని?" అన్నాడు.

"చొక్కా బొత్తాలు నాచేత పెట్టించుకోవడం మొదలెట్టినప్పట్నుంచి."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావేమోనని."

ఓ టార్గెట్ అంతా అతికించాడు.

"మెడ ఆపరేషన్ చేసిన ఆ డాక్టరుకి నువ్వే ఫోన్ చెయ్యి. నాకు నోరు రాదు."

సరేనన్నాను. డ్వేన్ తరవాతి షూటర్‌ని పిలుస్తున్నాడు. మోకాళ్లు పట్టుకుని లేచాను.