పాటు పోని గుంట

ఆఖరి కోత అయిపోయి మిరపకాయలు కల్లంలో ఎండుతున్నన్ని రోజులూ సుబ్బరావమ్మకి పొద్దు ఒకేలా మొదలయ్యేది. గేదె పాలు తియ్యడం, కల్లం ఊడ్చి కాయలు తిరగెయ్యడం, తాలుకాయలు ఏరడం, మొగుడికి కాఫీ ఇచ్చి నిద్ర లేపడం. వీటిలో చివరిదే కష్టమైన పనని పక్కింటి కోటిరత్నం అనేది. కోటిరత్నం మాట అంతగా పట్టించుకోనక్కర్లేదు, ఆవిడ మొగుడు అసలు లేవడు.

సుబ్బరావమ్మ మొగుడు యలమందయ్య మంచివాడే. తాగడు, పేకాడడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. వ్యవసాయంలో ఆయనకి తెలియనిది లేదు. పర్చూరు సెంటర్లో టీకొట్టు బల్ల మీద కూర్చుని ఏ పురుక్కి ఏ మందు కొట్టాలో వచ్చిపోయే వాళ్ళందరికీ చెబుతాడు. చేలో ఆ మందు కలపడానికి బిందెలతో నీళ్ళు మోసేది సుబ్బరావమ్మ. ఆయన అరచేతులు చంటిపిల్లాడి బుగ్గల్లా ఉంటాయని ఊళ్ళో ఆడవాళ్ళు కొంత అసూయగానే చెప్పుకునేవాళ్ళు.

ఆ ఏడు టీకొట్టు దగ్గర ఆయనకి ఇంకో ఆలోచన వచ్చింది. గుంటూరులో ఉండే నాగేంద్రబాబు గారి అయిదెకరాలు కూడా కౌలుకి తీసుకుని మొత్తం మిరపే వేద్దామని. సోమవారం బాబుగారు ఊళ్ళోకి వస్తాడు, మాట ఇచ్చేస్తానన్నాడు. ఉన్న మూడెకరాలకే కుడిభుజం పైకి లేవడం లేదని, ఇంకో అయిదంటే తనవల్ల కాదని సుబ్బరావమ్మ చెప్పింది.

"ఆదివారం ఎటూ రాళ్ళకి పోతన్నాంగా. ఈసారి గుంటలో దిగు. అన్నీ అయ్యే సర్దుకుంటయ్" అన్నాడు యలమందయ్య.

రాళ్ళకి పోవడం ఆ ఊరికి ఏటా ఉన్నదే. సింగరాయకొండ దాటి తూర్పుకి తిరిగితే అటూ ఇటూ అంతా ఇసుకే. మధ్యలో ఒక్కచోట మాత్రం నల్లరాళ్ళు సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉంటాయి. నీరు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళ మధ్య గుంటలు బయటపడతాయి. నాచు, నత్తలు, వేలెడంత చేపలు, గోరంత పీతలు, ముట్టుకుంటే ముడుచుకుపోయే పువ్వులాంటి పురుగులు. మనిషికో గుంట చూసుకుని మోకాళ్ళ దాకా దిగి కూర్చుంటే ఒంట్లో ఉన్న అలుపంతా నీళ్ళలోకి దిగిపోతుంది. నీళ్ళు కుడితిలా చిక్కబడతాయి, పీతలు పక్కకి ఒరిగి పడుకుంటాయి. మళ్ళీ అల వచ్చి గుంటని కడిగాక లేచి వాటి పని అవి చూసుకుంటాయి. ఒకరు దిగిన గుంటలో, అల వచ్చి కడిగేదాకా ఇంకొకరు దిగకూడదు. ఇదొక్కటే నియమం.

పందొమ్మిదేళ్ళ కాపురంలో సుబ్బరావమ్మ ఏటా రాళ్ళకి పోయింది గానీ ఒక్కసారీ దిగలేదు. ఒక ఏడు పులిహోర బేసిన్ల దగ్గర కుక్కల కాపలా. ఒక ఏడు ఎవరి బిడ్డనో ఎత్తుకోవడం. మిగతా ఏళ్ళు చెప్పులు. అందరూ దిగితే చెప్పులెవరు చూస్తారని అడిగేవాళ్ళు, సమాధానం కోసం ఆమె వంకే చూసేవాళ్ళు.

ఆదివారం వ్యాన్ దిగేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ముసలి జాలరిని యలమందయ్య వేళ అడిగాడు.

"పాటు మొదలైంది. మద్దేనం దాకా ఉంటది" అన్నాడు ముసలాయన. నీరు వెనక్కి పోతే పాటు, ముందుకొస్తే పోటు అని వివరం కూడా చెప్పాడు.

యలమందయ్యకి ఆ మాట బాగా నచ్చింది. వెంటనే వెనక్కి తిరిగి, సముద్రం తన సొంత చేనే అయినట్టు వ్యాన్ వాళ్ళందరికీ పాటంటే ఏంటో చెప్పడం మొదలుపెట్టాడు.

"మా వైపు పాటంటే చాకిరీ తాతా" అంది సుబ్బరావమ్మ. "మీకు మద్దేనానికే అయిపోద్దా?"

"మా పాటు సముద్రం చేస్తదమ్మా. మీ పాటు మీరే చెయ్యాల" అన్నాడు ఆయన.

ఆమె అలవాటు కొద్దీ పులిహోర దగ్గర కూర్చోబోతే కోటిరత్నం వచ్చి ఆమె చేతిలోంచి గరిటె లాక్కుంది. "నువ్వు పోయి దిగక్కా. నా అలుపు ఎంతని, రెండు నిమిషాల్లో దింపుకొచ్చా" అంది. అందులో అబద్ధమేమీ లేదు.

సుబ్బరావమ్మ అందరికన్నా చివరి గుంటకి పోయి దిగింది. మొదట ఏమీ తెలియలేదు. తరవాత భుజంలోంచి ఏదో జారింది, నడుంలోంచి జారింది, గోళ్ళ సందుల్లోని మిరపమంట కూడా జారింది. నీళ్ళు నల్లబడ్డాయి. చేపలు అడుక్కి పోయి రాళ్ళకి ఆనుకున్నాయి. పీతలన్నీ వరసగా వెల్లకిలా పడ్డాయి. చాలాసేపయ్యాక ఆమె పైకొచ్చి రాయి మీద కూర్చుంది. ఒళ్ళు ఎండుటాకులా తేలిగ్గా ఉంది.

అప్పటికి యలమందయ్య రెండు విస్తళ్ళు ముగించి వచ్చాడు. ఖాళీ గుంట కోసం అటూ ఇటూ చూసి, పంచె ఎగ్గట్టి, నల్లరాళ్ళ మధ్య నల్లనీళ్ళు పోల్చుకోలేక పెళ్ళాం దిగిన గుంట దగ్గర నిలబడ్డాడు.

"అందులో పాటు ఇంకా పోలేదయ్యా" అంది సుబ్బరావమ్మ.

పొద్దున్నుంచీ ఆ మాటకి అర్థం పదిమందికి చెప్పి ఉన్నాడు గదా, నీరు తిరగడానికి ఇంకా టైముందనుకున్నాడు. "పోకపోతే మంచిదేగా" అని దిగాడు. వేరే రోజైతే ఏ మాటైనా ఆమె ఆయనకి మూడుసార్లు చెప్పేది. ఆ రోజు ఒక్కసారే చెప్పింది.

ఆయన కూర్చున్నాడు. గుంటలో నీళ్ళు చూస్తుండగానే తేరుకున్నాయి. పీతలు లేచి నడిచాయి.

"ఏందే ఇది, కాలు లేవట్లా" అన్నాడు. సుబ్బరావమ్మ కుడిచెయ్యి అందించింది. చెయ్యి తేలిగ్గానే లేచింది గానీ ఆయన లేవలేదు. నలుగురు మోసుకొచ్చి వ్యాన్ లో పడేశారు. పోటు మొదలైంది, ఇంక వచ్చే ఏడు దిగితే పోతుందిలే అని ముసలాయన ధైర్యం చెప్పాడు. దారంతా యలమందయ్య ఎవరికీ ఏమీ వివరించలేదు. వ్యాన్ లో చాలామంది కమ్మగా నిద్రపోయారు.

సోమవారం పొద్దున నాగేంద్రబాబు వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకున్నాడు. యలమందయ్య లేవబోయి మానేశాడు.

"వద్దు బాబుగారూ. ఆ అయిదెకరాలు మావల్ల కాదు."

"మొన్నటిదాకా నీ చేనే అన్నట్టు మాట్లాడావుగా. ఏమొచ్చింది?"

"పందొమ్మిదేళ్ళ కోతలండీ. ఒక్కసారే వచ్చినయ్."

నాగేంద్రబాబు కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఎవరి గుంట?" అని అడిగాడు.

"ఇంట్లో వాళ్ళదేనండీ."

"అయితే కష్టమే" అని, పొలం ఇంకెవరికైనా చూసుకుంటానని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

సుబ్బరావమ్మ కాఫీ తెచ్చి ఇచ్చింది. యలమందయ్యకి గ్లాసు బరువైంది. రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇంత ఉందని చెప్పలేదేమే" అన్నాడు.

"చెప్పాను" అంది ఆమె.

కాఫీ అయ్యాక ఆమె గ్లాసు తీసుకెళ్ళి కడిగి బోర్లించింది. కల్లం ఊడవాలి, కాయలు తిరగెయ్యాలి. ఆ పని చెయ్యడానికి ఒంట్లో కావలసినంత ఓపికుంది. అయినా వసారాలో చాప పరుచుకుని, అలిసిపోకుండా పడుకుంటే ఎలా ఉంటుందో చూద్దామని పడుకుంది.